స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం లోపల యాంటీ డంపింగ్ సుంకం ఎందుకు?

తెరచాప
రెండు దేశాలు కూర్చుని తమ మధ్య దిగుమతి సుంకాలన్నీ ఎత్తేసుకుంటాయి. చేతులు కలిపి ఫొటోలు దిగుతాయి. ఒప్పందం మధ్యలో ఎక్కడో ఒక వాక్యం ఉంటుంది: గాట్ అనే ప్రపంచ వాణిజ్య ఒప్పందం ఆరో అధికరణం కింద తమకున్న హక్కులు, అంటే బయటి సరుకు అన్యాయంగా చవగ్గా దిగితే దాని మీద యాంటీ డంపింగ్ సుంకం వేసే హక్కులు, యథాతథంగా ఉంటాయని. ముందు గుమ్మం నుంచి సాగనంపిన సుంకం దొడ్డిదారిన మళ్లీ ఇంట్లోకి రావడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

అందరూ ఇలా చేయలేదు. ఐరోపా యూనియన్ సభ్య దేశాల మధ్య యాంటీ డంపింగ్ లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ 1990 జులై 1 నుంచి పరస్పరం మానుకున్నాయి. బదులుగా తమ పోటీ చట్టాల్లో, అంటే కంపెనీల కుమ్మక్కును, పెత్తనాన్ని అడ్డుకునే చట్టాల్లో, కొత్త సెక్షన్లు పెట్టుకున్నాయి. కెనడా, చిలీ 1997లో అమల్లోకి వచ్చిన ఒప్పందంలోనే ఈ హక్కును వదులుకున్నాయి. అంతకుముందు కెనడా ఇదే కోరిక అమెరికా ముందు పెడితే దక్కింది, ఆ సుంకాలను సమీక్షించే ద్విపక్ష ప్యానెళ్లు మాత్రమే.

ఒకే మార్కెట్ అనుకున్న చోట డంపింగును ఆపడానికి పోటీ చట్టం చాలదా? ఇదీ నా ప్రశ్న.

కొలిమి
చాలదు. ఇరవై రెండేళ్లు చిన్న కర్మాగారం నడిపి మూసుకున్నవాణ్ణి చెబుతున్నాను. ఎఫ్‌టీఏ (స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) అమల్లోకి వచ్చిన మూడో ఏటికి అవతలి దేశం సరుకు, నా ఉత్పత్తి ఖర్చు కంటే తక్కువ ధరకు నా కొనుగోలుదారుల గుమ్మంలో దిగింది. పోటీ చట్టం అప్పుడూ ఉంది. ఏం చేసింది? మీరు చెప్పే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సెక్షన్లు దాదాపు వాడకంలోకే రాలేదు. వాడని కత్తిని చూపించి, మా చేతిలో ఉన్న కర్ర లాక్కుంటామంటారా?

నిఘంటువు
చిన్న సవరణ. మీ ఖర్చు కంటే తక్కువకు అమ్మడం డంపింగ్ కాదు. ఎగుమతిదారు తన సొంత దేశంలో అమ్మే ధర కంటే తక్కువకు ఎగుమతి చేయడం డంపింగ్.

తూకంరాయి
కొలిమి గారూ, నేను అవతలి గట్టున ఉన్నవాణ్ణి. పద్నాలుగేళ్లుగా ఒక తయారీ సంస్థకు ముడిసరుకు కొంటున్నాను. నాకు సరుకు అమ్మే దేశీయ సంస్థలు రెండే. ఆ రెండూ కలిసి యాంటీ డంపింగ్ పిటిషన్ వేశాయి. సుంకం నోటిఫికేషన్ వచ్చిన వారంలోనే ఇద్దరి దగ్గర నుంచీ కొత్త ధరల పట్టిక వచ్చింది. పెంపు ఇద్దరిదీ ఒకటే, దశాంశం వరకు. ఇది పోటీ చట్టం ముందు పెడితే కుమ్మక్కు. యాంటీ డంపింగ్ ఫైలులో పెడితే ‘దేశీయ పరిశ్రమకు ఊరట’.

లెక్క ఒకసారి చూడండి. ఎగుమతి చేసేవాడు తన దేశంలో వందకు అమ్ముతాడు, మనకు ఎనభై అయిదుకు ఇస్తాడు. తేడా పదిహేను. దాన్ని ఎగుమతి ధర మీద లెక్కిస్తారు కాబట్టి 17.6 శాతం డంపింగ్. ఇదే పని ఒక సంస్థ ఒకే దేశంలో చేస్తే, తూర్పున వందకు, పడమర ఎనభై అయిదుకు అమ్మితే, ఎవరూ పిలిచి అడగరు. అడగాలంటే ఆ సంస్థకు మార్కెట్ మీద పెత్తనం ఉందని, కొన్ని దేశాల్లో అయితే పోటీదారును చంపి తర్వాత ధర పెంచుకునే అవకాశం ఉందని కూడా చూపాలి. మధ్యలో సరిహద్దు గీత ఒకటి ఉంటే ఇవేవీ అక్కర్లేదు. ఆ గీతనే చెరిపేశాం అని ఎఫ్‌టీఏలో సంతకం పెట్టి, సుంకం వేయడానికి మాత్రం మళ్లీ సుద్దముక్క తీసి గీసుకుంటామా?

జపాన్ టీవీల సంగతి తీసుకోండి. వాటిని డంప్ చేస్తున్నారని అమెరికా ప్రభుత్వం 1971లో తేల్చేసింది. ఆ టీవీల మీదే అమెరికా టీవీ సంస్థ జెనిత్ కుమ్మక్కు కేసు నడిపితే 1986లో సుప్రీంకోర్టు ఏమంది? ఇరవై ఏళ్లు నష్టానికి అమ్ముతూ, ఎప్పుడో రాబట్టుకుందామని అన్ని కంపెనీలు ఎదురుచూశాయంటే నమ్మడం కష్టమంది. సరుకు ఒకటే, ధరలు ఒకటే. ఒక చట్టానికి తప్పు, ఇంకో చట్టానికి వ్యాపారం.

సగం_చదివాను
ఇద్దరూ నిజమే చెబుతున్నట్టుంది. ఎలా?

కొలిమి
“ఎప్పుడో రాబట్టుకోవాలి” అన్న మాటలోనే ఉంది మోసమంతా. అతనికి తర్వాత రాబట్టుకోవాల్సిన అవసరమే లేదు, ఆ రోజే రాబట్టుకుంటున్నాడు. తన దేశంలో తలుపులు బిగించుకుని వందకు అమ్ముకుంటాడు. ఆ లాభంతో యంత్రాల ఖర్చు తీరిపోతుంది. మిగిలిన సరుకు మన మీద ఎనభై అయిదుకు దులిపేస్తాడు. ఒకరోజు కాదు, పదేళ్లు దులపగలడు. మీ కోర్టు వెతికేది పులి కోసం. నన్ను తిన్నది చెద.

తూకంరాయి
తలుపులు బిగించుకుని అంటున్నారు. ఎఫ్‌టీఏ చేసేది ఆ తలుపులు తీయడమే కదా. ఐరోపా ఉమ్మడి మార్కెట్‌కు పునాది వేసిన 1957 రోమ్ ఒప్పందం 91వ అధికరణం రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. ఒక సభ్య దేశం నుంచి ఇంకో సభ్య దేశానికి వెళ్లిన సరుకు తిరిగి వస్తే సుంకం, పరిమితి లేకుండా రానివ్వాలని అందులో రాశారు. ఎనభై అయిదుకు ఇక్కడ దించిన సరుకును ఎవరో ఒకరు కొని మళ్లీ అక్కడికే పంపి తొంభై అయిదుకు అమ్ముకుంటారు. డంప్ చేసినవాడి సరుకే వాడి ఇంటి ధరను విరుస్తుంది. దానికి సుంకం అధికారి అక్కర్లేదు, ఒక లారీ చాలు.

కొలిమి
లారీ నేను పంపాను.

అవును, నేనే. వాళ్ల సరుకు కాదు, నా సరుకే. అక్కడ ధర వంద అయితే నేను తొంభైకి ఇవ్వగలను, మరి అక్కడే ఎందుకు అమ్మకూడదు అనుకుని వెళ్లాను. సుంకం సున్నా. కస్టమ్స్‌లో ఎవరూ ఆపలేదు. అక్కడి టోకు పంపిణీదారులు నలుగురిని కలిశాను. నలుగురూ మర్యాదగా కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పారు: స్థానిక తయారీదారుతో ఒప్పందం ఉంది, బయటి సరుకు ముట్టుకుంటే ఏడాది చివర ఇచ్చే తగ్గింపు పోతుంది. ఆ దేశపు పోటీ సంస్థకు ఫిర్యాదు రాశాను. ‘మీ లేఖ అందింది, పరిశీలనలో ఉంది’ అని జవాబు వచ్చింది. ఇప్పటికీ పరిశీలనలోనే ఉందనుకుంటాను.

సుంకాన్ని ఎత్తేయడం ఒక సంతకం పని. మార్కెట్‌ను తెరవడం వేరే పని. ఆ రెండో పని చేయకుండా నా చేతి కర్ర లాక్కోవద్దు అంటున్నాను.

నిఘంటువు
ఒకటి స్పష్టం చేయండి. మీరు అక్కడ తొంభైకి అమ్మబోయారు సరే, ఇక్కడ ఎంతకు అమ్ముతున్నారు? ఇక్కడ తొంభై మూడు అయి ఉంటే మీరు చేయబోయింది కూడా డంపింగే. మార్జిన్ 3.3 శాతం. రెండు శాతం లోపు అయితేనే వదిలేస్తారు.

కొలిమి
నిఘంటువు గారూ, మీకు నమస్కారం.

రేవుగాలి
వాణిజ్య వివాదాల కేసులు చూస్తుంటాను కాబట్టి రెండు మాటలు.

యాంటీ డంపింగ్ వదులుకున్న చోట్ల పోటీ చట్టం ఒక్కటే పెట్టి ఊరుకోలేదు. ఐరోపాలో ప్రభుత్వ రాయితీల మీద కూడా కేంద్ర అదుపు ఉంది. యూనియన్ కార్యనిర్వాహక సంస్థ అయిన ఐరోపా కమిషన్ ఏ సభ్య దేశంలోకైనా వెళ్లి సోదా చేయగలదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అయితే ఒక దేశపు కోర్టు రెండో దేశంలో కూర్చుని విచారణ జరిపేలా, అక్కడి సాక్షులను పిలిపించేలా చట్టాలు మార్చుకున్నాయి. కొలిమి గారి ఫిర్యాదు లాంటిది అక్కడైతే కనీసం ఒక న్యాయమూర్తి ముందుకు వెళ్లే దారి ఉంది. అయినా రాయితీల మీద వేసే సుంకాన్ని ఆ రెండు దేశాలూ అట్టిపెట్టుకున్నాయి, అది వేరే కథ.

యూనియన్‌లో సభ్య దేశం కాకపోయినా, దాని మార్కెట్‌తో కలిపే ఐరోపా ఆర్థిక ప్రాంతం ఒప్పందంలో నార్వే కూడా ఉంది. ఆ ఒప్పందం 26వ అధికరణం ప్రకారం వాళ్ల మధ్య యాంటీ డంపింగ్ ఉండకూడదు. కానీ చేపలు ఆ ఉమ్మడి నియమాల పరిధిలోకి రావు. అందుకే నార్వే సాల్మన్ మీద ఐరోపా యూనియన్ యాంటీ డంపింగ్ చర్యలు తీసుకోగలిగింది. ఉమ్మడి చట్టం ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే సుంకం మొలిచింది. 2004 మే 1న పది దేశాలు యూనియన్‌లో చేరినప్పుడు దీనికి తిరగేసిన కథ జరిగింది. అంతకుముందు వాటి సరుకు మీద యూనియన్ వేసిన యాంటీ డంపింగ్ చర్యలు ఆ రోజుతో రద్దయ్యాయి. ఏప్రిల్ 30న డంపింగ్ అన్నది మర్నాడు మామూలు వ్యాపారం. కర్మాగారం మారలేదు, ధర మారలేదు.

కెనడా, చిలీ జంట మాత్రం ఈ సూత్రానికి లొంగదు. ఉమ్మడి కమిషన్ లేదు, ఉమ్మడి కోర్టు లేదు. అయినా వదులుకున్నారు. పరస్పర వాణిజ్యం చిన్నది కాబట్టి వదులుకోగలిగారని కొందరు అంటారు. నాకు మాత్రం అడ్డుపడే పెద్ద పరిశ్రమ అక్కడ లేకపోవడమే కారణం అనిపిస్తుంది.

వెన్నెల_77
చేప కథ బాగుంది.

తూకంరాయి
రేవుగాలి గారు చెప్పింది నాకే బలం. ఉమ్మడి సంస్థలు లేకపోయినా కెనడా, చిలీల్లో మిన్ను విరిగి పడలేదు.

ఇంకొకటి. డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) యాంటీ డంపింగ్ ఒప్పందం ఎనిమిదో అధికరణం చదవండి. ధర హామీ అంటారు దాన్ని. ఎగుమతిదారులు ‘ఇకపై ఇంతకంటే తక్కువకు అమ్మం’ అని రాసిస్తే దర్యాప్తు ఆపేస్తారు. పోటీదారులంతా ప్రభుత్వ కార్యాలయంలో కూర్చుని కనీస ధర ఒప్పుకోవడం! ఇదే పని హోటల్ గదిలో చేస్తే జరిమానా.

ఐరోపాలోనే సోడా యాష్ (గాజు తయారీలో వాడే రసాయనం) ఉదాహరణ ఉంది. దాన్ని తయారుచేసే సోల్వే, ఐసీఐ సంస్థలు మార్కెట్‌ను పంచుకున్నాయని 1990లో కమిషన్ జరిమానా వేసింది. అంతకుముందు దశాబ్దంలో అమెరికా సోడా యాష్ రాకుండా ఇదే కమిషన్ యాంటీ డంపింగ్ చర్యలు నడిపింది. ఒక చేత్తో గోడ కట్టింది, రెండో చేత్తో గోడ లోపల ఏం జరిగిందని గద్దించింది.

నిఘంటువు
ఆ 1990 నిర్ణయాలను 1995లో న్యాయస్థానం కొట్టేసింది. విధానపరమైన లోపాలతో.

తూకంరాయి
విధానం వల్ల కొట్టేశారు, పంచుకోలేదని కాదు.

నిఘంటువు
నేను అన్నదీ అదే. మీరు ఆ మాట చెప్పలేదు.

కొలిమి
అమెరికా సోడా యాష్ అన్నారు కదా, దాన్ని బయటి దేశాలకు అమ్మడానికి ఏం చేశారు? అక్కడి ఉత్పత్తిదారులు కలిసి ఒక ఎగుమతి సంఘం పెట్టుకున్నారు. 1918 నాటి వెబ్-పామరీన్ చట్టం అలాంటి సంఘాలకు కుమ్మక్కు చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. ఇంట్లో కలిస్తే నేరం, బయటికి అమ్మడానికి కలిస్తే దేశసేవ. ఇలాంటి పోటీ చట్టాన్ని నమ్ముకుని నేను కర్ర పారేయాలి!

పోటీ నియమాలు అంతర్జాతీయంగా తేవాలని సింగపూర్‌లో 1996లో డబ్ల్యూటీవో ఒక కార్యవర్గం వేసింది. 2003లో కాంకూన్‌లో చర్చలు కూలాయి, 2004లో ఆ అంశాన్నే పక్కన పెట్టారు. ఎనిమిదేళ్లు మాట్లాడి మానేసిన సంగతి ఇది. అది వచ్చాక యాంటీ డంపింగ్ తీసేయండి, నేనే వచ్చి దండ వేస్తాను.

తూకంరాయి
అది రాదు కాబట్టి ఇది శాశ్వతంగా ఉండాలంటారు. అయిదేళ్లకు ముగియాల్సిన సుంకం ‘సమీక్ష’ పేరుతో పదేళ్లు, పదిహేనేళ్లు సాగుతుంటే ఎవరు బాగుపడుతున్నారు? జీరోయింగ్ అనే లెక్క చూశారా? ఒక రకం సరుకు ఇరవై తక్కువకు, ఇంకో రకం ఇరవై ఎక్కువకు అమ్మితే సగటున తేడా సున్నా. కానీ ఎక్కువకు అమ్మినదాన్ని సున్నాగా రాసుకుని, తక్కువకు అమ్మినదాన్ని మాత్రమే కూడితే ఇరవై డంపింగ్. డబ్ల్యూటీవోలో దుప్పట్ల కేసు వేసి ఐరోపా మీద భారత్ గెలిచేదాకా, 2001 దాకా, దీన్ని గణితం అనే పిలిచారు.

నిజం చెప్పాలంటే, ధర చూసి పోటీ పడలేనివాళ్లు పట్టుకునే ఊతకర్ర ఇది. కర్మాగారం మూతపడిన ప్రతి ఒక్కరూ అవతలి దేశాన్ని చూపిస్తారు. సొంత ఖర్చుల పుస్తకం మాత్రం చూపించరు.

కొలిమి
ఆ మాట వెనక్కి తీసుకోండి.

తూకంరాయి
మిమ్మల్ని ఉద్దేశించి అనలేదు.

కొలిమి
నన్ను కాకపోతే ఇంకెవర్ని? ఈ చర్చలో కర్మాగారం మూసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఖర్చుల పుస్తకం చూపించమన్నారు కదా, చూపిస్తాను. కూర్చోండి.

నా ఖర్చులో సగానికి పైగా ఒకటే ముడిసరుకు. దేశంలో దాన్ని చేసేది ఒకే ఒక పెద్ద సంస్థ. ఎఫ్‌టీఏ వచ్చిన కొత్తలో అవతలి దేశం నుంచి అదే ముడిసరుకు తక్కువకు రావడం మొదలైంది. నాలుగు నెలలు నేను నిద్రపోయాను, నిజంగా హాయిగా. అప్పుడు ఆ సంస్థ డంపింగ్ పిటిషన్ వేసింది. వాడుకదారులు కూడా తమ అభిప్రాయం చెప్పుకోవచ్చని నిబంధన ఉంది. సంస్థ మనిషి ఒక ఉత్తరం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ‘ఈ సుంకం మా దీర్ఘకాలిక ప్రయోజనాలకు అవసరం’ అని అప్పటికే టైపు చేసి ఉంది. వచ్చే నెల సరఫరా గురించి కూడా అతనే కదా చూసుకునేది. సంతకం పెట్టాను.

ముడిసరుకు మీద సుంకం పడింది. నా తయారీ సరుకు మాత్రం అదే అవతలి దేశం నుంచి సున్నా సుంకంతో దిగింది. పైన మూత, కింద మంట. నేనూ పిటిషన్ వేయాలనుకున్నాను. మొత్తం దేశీయ ఉత్పత్తిలో కనీసం 25 శాతం వాటా ఉన్నవాళ్లు వెనక నిలబడాలన్నారు. ఆ పెద్ద సంస్థకు ఒక్క ఫోను చాలు. మాలాంటి చిన్న కర్మాగారాలు ఎక్కడెక్కడో అరవై దాకా ఉండేవి. పదకొండు మంది లెక్కలు పోగుచేసేసరికి అందులో నలుగురు మూసేశారు.

ఇదీ నా పుస్తకం.

నిర్వాహకుడు
వ్యక్తిగత వ్యాఖ్యలు ఇక వద్దు. తూకంరాయి గారూ, చివరి పేరా తొలగించాలా?

తూకంరాయి
తొలగించకండి, ఉండనివ్వండి. కొలిమి గారూ, ఆ వాక్యం తప్పు. క్షమించండి.

కానీ ఒకటి అడక్కుండా ఉండలేను. మీరు మొదటి నుంచీ కాపాడుతున్న కర్ర తగిలింది మీ వీపు మీదే కదా. ఎఫ్‌టీఏలో ఆ వాక్యం లేకుండా ఉంటే ముడిసరుకు వచ్చేది. మీరు బతికేవారు.

కొలిమి
బతికేవాణ్ణేమో. ఆ లెక్క నేనూ వేసుకున్నాను, మీకంటే ముందే.

అయినా తీసేయమని అనను. మీరు చట్టం ఎవరి కోసం అంటే కొనేవాడి కోసం అంటారు. ధర తగ్గితే చాలు, ఎవరు మునిగినా అది పోటీలో భాగం. నేను అలా అనుకోలేను. నా దగ్గర ముప్ఫై ఒక్కమంది పనిచేశారు. మీరు చెప్పే పోటీ చట్టంలో వాళ్లు ఒక అంకె కారు. యాంటీ డంపింగ్‌లో ‘నష్టం’ అనే శీర్షిక కింద ఉద్యోగాలు, వేతనాలు అని కనీసం ఒక వరుస ఉంది. ఆ వరుస నా కోసం ఎవరూ నింపలేదు, అంతే.

రేవుగాలి
అసలు తగవు ఇప్పుడు బయటపడింది. ఇంతసేపూ డంపింగ్ గురించి అనుకున్నాం.

తూకంరాయి
నా మాట మారలేదు. ఉద్యోగాల వరుస కావాలంటే దానికి వేరే చట్టం రాయండి, వాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వండి. నా ముడిసరుకు ధరలో దాన్ని దాచవద్దు. నా దగ్గరా మనుషులు పనిచేస్తున్నారు. వాళ్ల కోసం ఆ ‘నష్టం’ శీర్షిక కింద ఏ వరుసా లేదు.

ఆ ముడిసరుకు సుంకం ఇప్పటికైనా పోయిందా?

సగం_చదివాను
నాకూ అదే సందేహం.

కొలిమి
అయిదేళ్లు నిండినప్పుడు సమీక్ష మొదలైంది. వాడుకదారుల జాబితాలో నా పేరు ఇంకా ఉన్నట్టుంది, ప్రశ్నావళి ఇంటికి వచ్చింది. అప్పటికి కర్మాగారం మూసి ఏడాదిన్నర. ‘గత సంవత్సరం మీ వినియోగం ఎన్ని టన్నులు’ అన్న గడిలో సున్నా అని రాసి పంపాను. సుంకం పొడిగించారు.